నాన్నకి రెండు కోర్లు

మార్చి 3

ఈ ఇంట్లో ఇవాళ నేరం జరిగింది. ముద్దాయి ఈవన్ గిల్‌క్రిస్ట్, ఇరవై నాలుగేళ్ళు, డనీడిన్‌లో డిగ్రీ పుచ్చుకున్నవాడు, ప్రస్తుతం దక్షిణం కొసనున్న రేవూరు బ్లఫ్‌లో అమ్మానాన్నల ఇంట్లో ఉచిత మేత. బాధితుడు నాన్న. సాక్షి అమ్మ. న్యాయమూర్తి కూడా అమ్మే కాబట్టి అప్పీలు లేదు.

కెల్ప్ కొత్త కూర్పుకి బిల్డ్ పెట్టాను. అంటే మేం రాసిన కోడంతటినీ మెషీన్ నమిలి తన భాషలోకి మార్చుకోవడం. కెల్ప్ నాన్న బిడ్డ. రేవులో ఓడలకి దారి చూపే పైలట్ పడవ నడిపినన్నాళ్ళూ తీరిక వేళల్లో రాసిన, ఆటుపోట్ల లెక్క కట్టే ప్రోగ్రాం. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మమ్మల్ని తిట్టుకోవచ్చు. మూడోది ఎక్కువమంది చేస్తారు. మెషీన్లో ఎన్ని కోర్లుంటే అన్నిట్నీ పనిలోకి తోలడం కెల్ప్‌కి పుట్టుకతో వచ్చిన బుద్ధి. నాన్న మెషీన్లో ఎనిమిది. ఎనిమిదింటినీ తోలింది.

ఆ మెషీన్లోనే నాన్న గొంతు ఉంది.

కండరాల్ని ఒక్కొక్కటే పడుకోబెడుతున్న జబ్బు నాలుక దాకా రాకముందే కూర్చోబెట్టి వాక్యాలు చదివించి ఆ గొంతుని దాచాం. ఇప్పుడు తెర మీద అక్షరాల వంక చూస్తాడు, మెషీన్ ఆయన గొంతుతో పలుకుతుంది, బ్లఫ్ యాసతో సహా.

నేను వంటింట్లో చీజ్ రోల్స్ కాలుస్తున్నాను. ముందు గదిలోంచి "ఈ" అని వినబడింది. కాసేపాగి మళ్ళీ "ఈ". అక్షరాలు దిద్దుకుంటున్నాడనుకుని నేను "ఉ, ఊ" అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను కూడా. అప్పుడే ఆల్చిప్పలు వొలిచే షెడ్డులో పని ముగించుకుని వచ్చిన అమ్మ బూట్లయినా విప్పకుండా ముందు గదిలోకి పరిగెత్తింది.

ఊపిరికి పెట్టే మాస్క్ గడ్డం కిందికి జారిపోయి ఉంది. అమ్మ దాన్ని సరిచేసింది. నాన్న ముఖం మళ్ళీ ముఖం రంగులోకి వచ్చింది. ఆ తర్వాత బిల్డ్ అయిపోయింది, కోర్లు ఖాళీ అయ్యాయి, గొంతు తన బాకీ చెల్లించింది. ఎంతో నింపాదిగా అంది: "ఈవన్, మాస్క్ జారింది."

చీజ్ రోల్స్ మాడిపోయాయి. ఎవరూ తినలేదు.

మార్చి 4

అమ్మ నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం "నీ ఉ, ఊ బాగుంది" అన్నాడు. నాన్న బాగానే ఉన్నాడు.

మార్చి 5

అమ్మ మాట్లాడింది. అసలు కోర్లంటే ఏమిటని అడిగింది. పట్టభద్రుణ్ణి కదా, గొంతు సవరించుకుని ఆమె భాషలోనే చెప్పాను. మీ షెడ్డులో ఎనిమిది మంది కత్తులు పట్టుకుని ఆల్చిప్పలు వొలుస్తున్నారనుకో. పడవ వచ్చింది, బస్తాలు దిగాయి, ఎనిమిది మందీ వాటి మీద పడ్డారు. అప్పుడు గుమ్మంలో ఎవరో వచ్చి ఒక్క చిప్ప వొలిచిపెట్టమని అడిగితే తలెత్తే వాళ్ళుండరు.

"మరి ఇద్దర్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టు" అంది అమ్మ, టీ కప్పు కడుగుతూ.

నాలుగేళ్ళ చదువు.

మార్చి 8

కూర్చోబెట్టాను. కెల్ప్ బిల్డ్ ఫైల్లోనే రాశాను: మెషీన్లో ఎన్ని కోర్లుంటే, అందులో రెండు తగ్గించి వాడుకో. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇదే డీఫాల్ట్.

కెల్ప్‌కి ఒక శాసనం ఉంది, నాన్న పెట్టిందే. ఎవడి మార్పుని వాడే ఒప్పేసుకోకూడదు. మరొకరు చదివి 'సరే' నొక్కాలి. ఆ మీట మా ముగ్గురికే ఉంది: నాన్న, నేను, సువా రేవు నుంచి మాతో పాటు కెల్ప్‌ని చూసుకునే వసీతి అక్క. నాన్నకి చూపించాను. కారణం అన్నచోట గంభీరంగా రాసి ఉంచాను: "చిన్న మెషీన్లు గలవారి సౌకర్యార్థం."

నాన్న కళ్ళు దాని మీద చాలాసేపు ఉన్నాయి.

"ఎవరు వాళ్ళు?"

ఉంటారు నాన్నా, బీదాబిక్కీ, అన్నాను.

"ఒక్క పేరు చెప్పు."

పేర్లెందుకు, దయకి పేర్లతో పనేమిటి అని ఉపన్యాసం ఇచ్చాను. ఆయన వినేసి, "మన మెషీన్లో ఒక్క లైను పెట్టుకుంటే చాలుగా. లోకానికంతా ఎందుకు?" అన్నాడు.

చాలు. నాకూ తెలుసు. కానీ ఆ లైను నేను పెట్టుకోవాలి, గుర్తుంచుకోవాలి. మెషీన్ తుడిచి కొత్తగా సర్దినప్పుడు మళ్ళీ పెట్టాలి. తాళంచెవులు ఫ్రిజ్‌లో మర్చిపోయేవాడిని. నా మీద నాకు నమ్మకం లేదు. లోకాన్నంతా కట్టేస్తే అందులో నేనూ ఉంటాను.

ఇది ఆయనతో అనలేదు. అనకపోయినా ఆయన 'సరే' వైపు చూశాడు.

మార్చి 9

ఇంకో మెషీన్లో బిల్డ్ చేసుకోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగరు, ఇది డైరీ. నా ల్యాప్‌టాప్ మీద బీరు ఒలికిన సంగతి అటుంచితే, నాన్నకి తన తెర మీదే బిల్డ్ చూడాలి. లైన్లు ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతుంటే జనం రగ్బీ చూసినట్టు చూస్తాడు. హెచ్చరిక వస్తే కనుబొమ్మ ఎగరేస్తాడు. రోజంతా మేమిద్దరం కలిసి చేసే పని అదొక్కటే.

కొత్త ఆచారం కూడా పెట్టాం. ఎంటర్ నొక్కేముందు నేను వెనక్కి తిరిగి "నాన్నా, మొదలెట్టనా?" అంటాను. ఆయన "కానీ" అంటాడు. అప్పుడు నొక్కుతాను. ఆరు పనిచేస్తాయి, రెండు గుమ్మం దగ్గర కూర్చుంటాయి. బిల్డ్ మధ్యలో ఇవాళ మూడు జోకులు వేశాడు. ఒక్కటీ నత్తి కొట్టలేదు.

మార్చి 21

సువా నుంచి ఉరుము. ద్వీపాల మధ్య తిరిగే పడవలన్నిటికీ కెల్ప్‌ని తయారు చేసి పంపేది వసీతి అక్కే. ఆమె మెషీన్లో కోర్లు నాలుగు. నేను రెండు ఎత్తుకుపోయాను. పడవకొక బిల్డ్, ఒక్కో బిల్డుకీ ఇదివరకటికి రెండింతల సేపు. పడవలకి పంపేవి అందరూ ఒప్పుకున్న కూర్పుతోనే, సొంత మార్పులేవీ లేకుండా చెయ్యడం ఆమె నియమం. అందరూ చదివే చోటనే రాసింది: "ఈవన్ బాబూ, నా వంటింట్లో రెండు పొయ్యిలు ఆర్పేసిన పుణ్యాత్ముడివి నువ్వేనా?"

వినయంగా బదులిచ్చాను, అంకె మార్చుకునే వీలుందక్కా, కావలసినవాళ్ళు తమ మెషీన్లో తామే పెట్టుకోవచ్చు.

"నువ్వూ పెట్టుకోవచ్చుగా?" అంది.

దానికి జవాబు రాసి, చెరిపి, రాసి, చెరిపి, ఆఖరికి జవాబుకి బదులు ఒక బల్లి ఎమోజీ బొమ్మ పెట్టాను.

ఏప్రిల్ 2

నాన్న బాగున్నాడు. మాటలు కొంచెం తగ్గించాడు. స్కాట్లాండు రక్తం, పొదుపు.

ఏప్రిల్ 10

దేవుడున్నాడు. కిరిబాటిలో ఉంటాడు. పేరు బారనికో, అబాయాంగ్ దీవిలో బడిపంతులు.

ఆయన రాసింది ఇదీ. వాళ్ళ బళ్ళో ఉన్నది ఒకే ఒక్క పాత మెషీన్, సూర్యుడి కరెంటు మీద నడుస్తుంది. మెమరీ దాని వయసుకి తగినంత. నాలుగు కోర్లూ ఒకేసారి కెల్ప్ మీద పడితే మెమరీ నిండిపోయి గుడ్లు తేలేసేది. పిల్లలు దాని కింద దిండు పెట్టి పడుకోబెట్టే నాటకం ఆడేవారట. కొత్త కూర్పులో రెండే కోర్లు పనిచేస్తున్నాయి, నెమ్మదిగానే అయినా బిల్డ్ పూర్తయింది. మొదటిసారి తమ దీవి ఆటుపోట్లు తమ గోడ మీదే రాసుకున్నారు. దయచేసి తీసెయ్యవద్దు.

పరుగున వెళ్ళి నాన్నకి చదివి వినిపించాను. "పేరు అడిగావుగా, ఇదిగో పేరు" అన్నాను.

ఆయన కళ్ళు అక్షరాల మీద మెల్లగా నడిచాయి. "నీ అబద్ధానికి" అని ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, "ఉద్యోగం దొరికింది" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వు మెషీన్లో లేదు, రికార్డు చేయడం మర్చిపోయాం. కళ్ళ చివర్ల ముడతలు చూసి పోల్చుకోవాలి.

ఏప్రిల్ 24

పక్కింటివాళ్ళు దక్షిణ దీవుల్లో పట్టిన మటన్‌బర్డ్‌లు, అంటే కొవ్వు పట్టిన సముద్రపక్షి పిల్లలు, బకెట్టెడు ఇచ్చారు. అమ్మ ఉడకబెట్టింది. ఇల్లంతా చేపనూనె కంపు, స్వర్గం కంపు. నాన్నకి ఇప్పుడు అన్నీ పొట్టలో గొట్టం ద్వారానే. అమ్మ గిన్నె తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "చాలు" అన్నాడు. అది 'ఇంక తీసెయ్' అనే చాలు కాదు, 'ఈ మాత్రం ఉంటే చాలు' అనే చాలు. ఆ గొంతుకి ఆ తేడా పలకడం రాదు. అమ్మకి వినడం వచ్చు.

మే 6

వసీతి అక్క మాటలు మానేసి పని చేసింది. ఆడవాళ్ళు అదే చేస్తారు, అందుకే ప్రమాదం.

కొత్త మార్పు పంపింది. కోర్లు ఎన్నున్నాయని కాదట, మెమరీ ఎంతుందో ముందు చూసుకోవాలట. ఎన్ని కోర్లు నడిస్తే మెమరీ నిండిపోకుండా ఉంటుందో లెక్కగట్టి అన్నిట్నే తోలుతుంది. బారనికో పాత మెషీన్లో రెండే. ఆమె మెషీన్లో నాలుగూ. బారనికో వాడి చూసి బ్రహ్మాండం అన్నాడు. మరి నీ పేదల సంగతి కుదిరింది కదా బాబూ అంది అక్క.

నాన్న మెషీన్లో మెమరీ దండిగా ఉంది. గొంతు కోసమని నేనే వేయించాను. ఆమె లెక్క ప్రకారం ఇక్కడ ఎనిమిదీ తోలుతుంది.

ఆమె మార్పుని ఆమె ఒప్పుకోకూడదు. నాన్నో నేనో నొక్కాలి. క్షుణ్ణంగా పరిశీలించి చెబుతానని రాశాను. పరిశీలించేందుకు ఏమీ లేదు. చిన్నది, శుభ్రంగా ఉంది, నేను రాసినదానికన్నా బాగుంది.

మే 7

పరిశీలిస్తున్నాను.

మే 13

పరిశీలిస్తున్నాను. ఒకచోట అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువైందని అభ్యంతరం చెప్పాను. వెంటనే సవరించి పంపింది. మనిషికి ఇంత ఓపిక ఉండకూడదు.

నాన్నకి చూపించలేదు. అలసిపోతున్నాడు, ఇలాంటివెందుకు. బాగానే ఉన్నాడు గానీ అలసిపోతున్నాడు.

మే 19

చూపించక్కర్లేదని నాకు తోచాల్సింది. కెల్ప్ ఉత్తరాలన్నీ ఆయన తెర మీదికే వస్తాయి. ఆయన కళ్ళే కదా పనిచేసేవి.

పొద్దున అమ్మ షెడ్డుకి వెళ్ళాక పిలిచాడు. కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కో మాటకీ చాలాసేపు పడుతుంది. మధ్యలో నేను ఊహించి పూర్తిచేస్తే ఒప్పుకోడు, కళ్ళు మూసేస్తాడు. కాబట్టి కూర్చున్నాను. కిటికీ అవతల దక్షిణం గాలికి దీవికెళ్ళే ఫెర్రీ ఒక పక్కకి ఒరుగుతూ పోతోంది.

"వసీతిది మంచి పని" అన్నాడు.

మంచిదే, కానీ ఇంకా పరీక్షించాలన్నాను.

"మంచి పని" అన్నాడు మళ్ళీ.

అలాగే నాన్నా, నీకంత తొందరగా ఉంటే నువ్వే నొక్కు, 'సరే' నీ దగ్గరా ఉందిగా అన్నాను. కొంచెం దురుసుగానే అన్నాను. నొక్కేస్తాడేమోనని ఆయన కళ్ళనే చూస్తూ ఉన్నాను. అవి 'సరే' వైపు వెళ్ళలేదు. అక్షరాల దగ్గరే తిరిగాయి.

"నేను పోయాక కూడా నాకు రెండు అట్టిపెడతావా?"

అంత పొడుగు వాక్యం ఈ నెలలో ఆయన అనలేదు. నేను జోకు వేశాను. ఏం వేశానో రాయను, బాగాలేదు. ఆయన కళ్ళ చివర్లు ముడతలు పడలేదు.

తర్వాత అన్నాడు, "నువ్వు నొక్కు."

చూద్దాంలే అన్నాను. మొహం కడుక్కోవడానికని వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మే 20

బిల్డ్ పెట్టాం. "నాన్నా, మొదలెట్టనా?" అన్నాను. "కానీ." ఆరు పనిచేశాయి. మధ్యలో ఆయనేమీ అనలేదు. రెండూ ఖాళీగానే ఉన్నాయి, అయినా ఉన్నాయి.

మే 29

నాన్న బాగున్నాడు.

జూన్ 1

బాగున్నాడు.

జూన్ 4

జూన్ 12

నాలుగో తారీఖు కింద ఏమీ రాయలేదు. రాయను.

ఒక్కటి మాత్రం. మెషీన్ ఆ సమయంలో ఖాళీగా ఉంది. ఏ బిల్డూ నడవడం లేదు, తర్వాత చిట్టా చూశాను. రెండుసార్లు చూశాను. ఎనిమిది కోర్లూ ఆయన కోసమే కూర్చుని ఉన్నాయి. ఆయనే ఏమీ అడగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది.

జూన్ 14

అంత్యక్రియలు అయిన రోజు గురించి. గాలికి పాస్టర్ గారి కాగితాలు ఎగిరి సముద్రం వైపు పోయాయి, ఆయన మిగతాది నోటికొచ్చినట్టు కానిచ్చాడు, ఆ భాగమే బాగుంది. రేవులోంచి పైలట్ పడవ కొమ్ము ఊదింది. నాన్న అయితే ఊదినవాడి పేరు చెప్పేవాడు, ఎవడి చేయి ఎంతసేపు నొక్కుతుందో ఆయనకి తెలుసు. నేను పోల్చుకోలేకపోయాను.

బారనికో బడి పిల్లలు రాశారు. తమ గోడ మీద ఆ రోజు పోటు వేళ పక్కన నాన్న పేరు పెట్టారట. వసీతి అక్క ఓదార్చే మాటలు రాసింది. తన మార్పు గురించి ఒక్క ముక్క లేదు. అడిగి ఉంటే తిట్టేవాడిని. అడగలేదు కాబట్టి ఏం చెయ్యాలో తోచలేదు.

జూన్ 23

అమ్మ షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. చేతులకి పనుంటే మంచిదంది. నా చేతులకి ఏమీ లేదు.

మెషీన్ ఆర్పలేదు. ఆర్పమని అమ్మా అనలేదు. దాని దుమ్ము మాత్రం తుడుస్తోంది, తెర మీద కళ్ళని కనిపెట్టే చిన్న కెమెరా దగ్గర మెల్లగా, ఎవరి చెంపో తుడిచినట్టు.

జూలై 2

చిప్పల వాసనతో వచ్చి, కోటు విప్పకుండానే, ముందు గదిలో కూర్చుంది అమ్మ. మెషీన్ వంక చూస్తూ అడిగింది, ఏదైనా కొడితే ఆ గొంతు పలుకుతుందా అని.

పలుకుతుందమ్మా అన్నాను. ఏం కావాలి?

తన పేరు పలికించమంటుందేమో, కప్పు టీ అడిగించమంటుందేమో అని నేననుకుంటున్నాను, వేళ్ళు మీటల మీద పెట్టుకుని.

"వద్దులేరా. ఆయన అననిది ఆయన గొంతుతో ఎందుకు."

లేచి వెళ్ళి టీ పెట్టింది. మూడు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టింది. నాన్న టీ తాగి ఏడాది దాటింది.

జూలై 9

నేనేం కాపాడుతున్నానో ఇవాళ కూర్చుని తీరిగ్గా ఆలోచించాను. మొదటి వాదన, చిన్న మెషీన్ల పేదలు. వాళ్ళని వసీతి అక్క నాకన్నా బాగా చూసుకుంది. రెండో వాదన, మార్పు ఇంకా పరీక్షించాలి. రెండు నెలలుగా బారనికో బడి దానితోనే బతుకుతోంది. మూడో వాదన లేదు. అంటే ఉంది, ముందు గదిలో దుమ్ము తుడిపించుకుంటూ ఉంది.

ఈలోగా సువాలో పడవకొక బిల్డ్, రెండింతల సేపు. నాన్న లేడని తెలిసీ ఒక్క మాట అనకుండా ఆ మనిషి ఎదురుచూస్తోంది. నాన్న తన కళ్ళతో ఒక్క క్షణంలో చేయగలిగి ఉండీ చేయకుండా నాకు వదిలినదాని కోసం.

నొక్కలేదు. వాన. రేపు.

జూలై 10

నొక్కాను.

చిన్న మీట. ఏ శబ్దమూ రాలేదు. తెర మీద నా పేరు పడింది: చదివినవారు, ఒప్పుకున్నవారు, ఈవన్ గిల్‌క్రిస్ట్. నాన్న పేరు నా పాత మార్పు కింద ఉంది, మార్చిలోది. అది ఇప్పుడు చెల్లదు. చెరిగిపోదు గానీ, చెల్లదు.

వసీతి అక్కకి రాశాను, ఆలస్యమైంది అక్కా, తప్పంతా పేదలదే అని. వెంటనే బదులు. "తెలుసు బాబూ. మార్చిలో నువ్వు బల్లి బొమ్మ పెట్టినరోజే మీ నాన్న నాకు విడిగా రాశారు, కొన్నాళ్ళు ఓర్చుకోమ్మా అని."

నాలుగు కోర్లలో రెండు పోగొట్టుకుని, పడవకొక బిల్డ్ చేసుకుంటూ, నా అబద్ధాన్ని నా ముందు అబద్ధమనకుండా. ఇద్దరూ.



జూలై 11

కొత్త కూర్పు బయటికి వెళ్ళాలి. బిల్డ్ చెయ్యాలి. నాన్న మెషీన్లోనే చేద్దామని కూర్చున్నాను.

ముందు ఆ మెషీన్ సెట్టింగులు తెరిచి ఒక్క లైను రాశాను. ఈ మెషీన్లో మాత్రం, ఎనిమిదిలో ఆరు. లోకానికి సంబంధం లేదు, ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. మార్చిలోనే రాయాల్సిన లైను. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్చిపోతానని భయపడిన లైను.

ఆదివారం కాబట్టి అమ్మ ఇంట్లోనే ఉంది, వంటింట్లో చీజ్ రోల్స్‌కి రొట్టె ముక్కలు చుడుతోంది. నేను ఎంటర్ మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగి, "నాన్నా, మొదలెట్టనా?" అనేశాను.

అనేశాక వినబడింది నాకు. వంటింట్లో చప్పుడు ఆగింది. కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద మడతపెట్టిన దుప్పటి. వేలు అక్కడే ఉంది, తియ్యలేను, నొక్కలేను.

"కానీ" అంది అమ్మ, వంటింట్లోంచి.

నొక్కాను. లైన్లు పైకి పాకడం మొదలుపెట్టాయి. అమ్మ చీజ్ అంటిన చేతులతోనే వచ్చి నా వెనక నిలబడి చూసింది. ఆరు పనిచేశాయి. రెండు గుమ్మం దగ్గర కూర్చున్నాయి.